మచ్చ ఎక్కడిది

మూడో రీలూ పాడైంది.
మొదటిది పాలపొర కమ్మి వచ్చింది, హైపో పాతది.
రెండోది గాజులా ఖాళీ:
కెమెరాలో ఫిల్ము పళ్ళకి తగులుకోనేలేదు,
ముప్పై ఆరుసార్లు ఉత్తినే నొక్కాను.

ఈసారి బొమ్మలైతే పడ్డాయి.
తెరమీద పెద్దవి చేసి చూస్తే
ఆకాశం నిండా తెల్లచుక్కలు,
చీమకుర్తి నల్లరాయికి పాలిష్ పట్టినట్టు.
అక్కడ ఆ చుక్కలకే అడుగు లెక్కన రేటు.
ఇక్కడ నాకు దండగ.

తప్పు పట్టుకోవడానికో పద్ధతుంది:
ఫిల్మును తిప్పిపెట్టి మళ్ళీ స్కాన్ చెయ్యి.
మచ్చ ఫిల్ముతో పాటు తిరిగిందా, ఫిల్ముది.
ఉన్నచోటే ఉందా, యంత్రానిది.

అన్ని ఫ్రేముల్లోనూ నిలువునా సాగిన గీత
ఎంత తిప్పినా కదల్లేదు.
స్కానరు కంట్లో నలుసు.
గుడ్డపీలికతో తుడిస్తే పోయింది.
అంత సుళువైన తప్పు మళ్ళీ దొరకలేదు.

తొమ్మిదిలో నెలవంక.
దుప్పటి ముసుగులో, చెమట వేళ్ళతో
చక్రానికి ఎక్కిస్తుంటే నొక్కుకుపోయినట్టుంది.
ఖాసింపీరా చూసి
"మాకింకా కనపడలా, మీకప్పుడే వచ్చిందే" అన్నాడు.
పద్నాలుగులో నల్లటి గుండ్రాలు.
డబ్బాని బండకేసి రెండు తట్లు తట్టకపోతే
బుడగ అంటుకున్న చోట మందు తగలదు.
అంచుల్లో తెల్లటి పొగ.
కెమెరా తలుపు సందున నురుగు పట్టీ
తారులా కరిగి వేలికి అంటుకుంది.
కుట్టుమిషను మాబున్నీ ఇచ్చిన
నల్ల ముఖమల్ ముక్క కోసి అతికించాను.

మందుకి ఇరవై డిగ్రీలు కావాలి.
కనిగిరిలో మే నెల కుళాయి
తెల్లారుజామునే ముప్పైనాలుగు.
సోడాబండి దగ్గర ఐసు కొని
గిన్నెలో గిన్నె పెట్టి
థర్మామీటరుతో, పిల్లాడి జొరం చూసినట్టు,
బాత్రూములో గొంతుకూర్చుంటాను.

ఇవన్నీ నా తప్పులు. ఒప్పుకుంటే పోతాయి.
ఆ తెల్లచుక్కలు మాత్రం బోరువి.
దండెం మీద ఫిల్ము ఆరేటప్పుడు
ఒక్కో బొట్టూ తను మాయమై
తనలోని సున్నాన్ని అక్కడే వదిలిపోతుంది.
బిందె అడుగున పేరుకునే పొరే అది,
గోరుతో గీకితే తెలుస్తుంది.

స్కానర్లో దుమ్ము తీసే బటనొకటుంది.
నొక్కి చూశా.
నలుపు తెలుపు ఫిల్ములో బొమ్మంటే వెండి రవ్వలే గదా,
అది వెండిని కూడా దుమ్మే అనుకుంది.
ముఖాలు మైనం ముద్దలయ్యాయి.
ఇక చేత్తోనే, ఒక్కో చుక్కా.

ఇరవై రెండు: చెంచులక్ష్మమ్మ.
బోరు దగ్గర, చంకన బిందె.
"పళ్ళు పడకుండా తియ్యబ్బయా" అని
పెదాలు బిగబట్టి నిలబడింది.
వెనకనించి మేకొకటి ఆమె కొంగు నమలబోయింది,
ఇక నవ్వాపుకోలేకపోయింది.
ముందుపళ్ళ మీద అడ్డంగా
బూడిదరంగు చార.
నీళ్ళ మరకేననుకుని
మళ్ళీ కడిగా, షాంపూ చుక్క వేసి.
తిప్పి స్కాన్ చేశా. ఫిల్ముతో పాటు తిరిగింది.
భూతద్దం పెట్టా.
మరక పైన లేదు, వెండిలోనే ఉంది.

నాలుక దానంతటదే
నా ముందుపంటి గరుకు మీదికి పోయింది.

అదే బోరు.

మచ్చ తుడిచే గుండ్రటి సున్నా
ఆమె పంటి మీద ఆగి ఉంది.
నొక్కలేదు. పక్కకి జరపనూ లేదు.
కరెంటు పోయేదాకా అట్లాగే ఉంది.

నాలుగో రీలుకి, ఆఖరి కడుగు కోసం,
వాటర్ ప్లాంటు నించి
ఇరవై లీటర్ల క్యాను మోసుకొస్తుంటే
ఎదురొచ్చింది బిందెతో.
"తాగేదానికా?"
"కాదు, ఫిల్ము కడిగేదానికి."
క్యాను వైపు చూసింది. నా వైపు చూసింది.
"మూత బిగించు, దుమ్ము పడుద్ది" అంది.